ఏ మొక్క? ఏ భాగం? ఎంత?

తులసికోటలో నీళ్లు పోయనిదే తెల్లవారని ఇళ్లు మనవి. పత్రి లేని పూజ, ఆకుకూర లేని వారం మనకు తెలియవు. ఇంతగా మొక్కల మధ్య బతికే మనం వాటి గురించి ఎంత తెలుసుకుని మసలుతున్నాం? వృక్షశాస్త్రం పరీక్ష రాసి మరచిపోయే సబ్జెక్టుగా మిగిలితే నష్టం ఎవరికి? వంటింటి నుంచి వీధి చెట్టు దాకా ఒక పరిశీలన.

కరోనా కాలంలో చాలా ఊళ్లలో కంచెల మీద తిప్పతీగ మిగల్లేదు. వేపచెట్టుకు పాకినదైతే మరీ గుణమని వెతికి మరీ కోసుకొచ్చారు. కషాయం కాచారు, పొడి కొట్టారు, పక్కింటికీ పంచారు. 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల వివరాలను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఆరుగురికీ కాలేయం దెబ్బతింది. ఆరుగురూ అంతకుముందు తిప్పతీగ వాడినవారే. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 43 మంది రోగులతో మరో అధ్యయనం వెలువరించాయి.

ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ మాట ఒప్పుకోలేదు. ముంబై రోగులు పుచ్చుకున్నది తిప్పతీగేనని తేల్చుకున్నారా అని నిలదీసింది. తిప్పతీగ శాస్త్రీయ నామం టైనోస్పోరా కార్డిఫోలియా. దానికి టైనోస్పోరా క్రిస్పా అనే దగ్గరి చుట్టం ఉంది. రెండింటి ఆకూ హృదయాకారమే కాబట్టి పైపైన చూస్తే పొరబడతాం. తేడా తీగ మీదే తెలుస్తుందంది ఆయుష్ శాఖ. క్రిస్పా కాండం మీద బొడిపెలుంటాయి, గాటు పెడితే పాలు కారతాయి. అసలు తిప్పతీగకు ఈ రెండూ ఉండవు. వైద్యులు మాత్రం తిప్పతీగనే అనుమానించాల్సి ఉందన్నారు. ముఖ్యంగా శరీర రక్షణ వ్యవస్థ తిరగబడే జబ్బులున్నవారు జాగ్రత్తపడాలన్నారు.

ఆ చర్చ శాస్త్రజ్ఞులది. తీగ కోసుకొచ్చిన మనకు అందులోంచి మిగిలేవి మూడు ప్రశ్నలు. ఇది ఏ మొక్క? ఇందులో వాడాల్సింది ఏ భాగం? ఎంత వాడాలి? ఊహతో సరిపెట్టకుండా ఈ మూడింటికీ పద్ధతిగా జవాబు వెతికే చదువే వృక్షశాస్త్రం. మనకు మొక్కల మీద భక్తికి లోటు లేదు, నమ్మకానికి అసలే లేదు. లోటల్లా ఈ మూడు ప్రశ్నలు అడిగే అలవాటుకే. అడగనందుకు ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. అడిగిన చోట కొన్ని లక్షల ప్రాణాలు నిలిచాయి. రెండు రకాల కథలూ మన చుట్టూనే ఉన్నాయి.

కాకరకు సహజం, సొరకు హెచ్చరిక

సొరకాయ అనండి, ఆనపకాయ అనండి, దానంత సాధువైన కూర ఇంకోటి లేదని మన నమ్మకం. జ్వరం తగ్గి లేచినవారికి పథ్యం పెట్టేది దాన్నే. ఆరోగ్యం కోసం పొద్దున్నే దాని రసం తాగడం ఈమధ్య వచ్చిన అలవాటు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొర, కాకర రసం కలిపి తాగి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ రోజు రసం మామూలుకంటే చేదుగా ఉంది. ఇలాంటి ఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణులతో సంఘం వేసింది. వాళ్లు తేల్చి చెప్పింది చిన్న మాటే. రసం తీసే ముందు ముక్క కోసి నాలుకకు తగిలించి చూడాలి. చేదనిపిస్తే పారేయాలి. తాగాక కడుపునొప్పి, వాంతులు మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి విరుగుడు మందు లేదు.

కారణం మొక్క స్వభావంలో ఉంది. గుమ్మడి, దోస, సొర ఒకే కుటుంబం. పురుగుల నుంచి, మేసే జంతువుల నుంచి కాపాడుకోవడానికి ఈ కుటుంబం కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలను తయారుచేసుకుంటుంది. తరతరాలుగా రైతులు తియ్యని కాయల విత్తనమే దాచుకుంటూ రావడంతో పెరటి సొరలో ఆ చేదు దాదాపు అణిగిపోయింది. ఎండ, నీటి ఎద్దడి ఎక్కువైతేనో, అడవి సొరతో కలిసిన విత్తనం మొలిస్తేనో మళ్లీ తలెత్తుతుంది. ఉడికించినా పోదు. కాకరకు చేదు సహజం. సొరకు చేదు హెచ్చరిక. ఈ తేడా తెలిసినవారు ఖరీదు పెట్టి కొన్న కాయ అని మొహమాటపడరు.

వంటింట్లో ఏ భాగం అన్న ప్రశ్న కూడా అడుగడుగునా ఎదురవుతుంది. కారం తగ్గాలని మిరపకాయ గింజలు దులిపేస్తాం. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో. గింజకు కాస్త అంటేది అక్కడి నుంచే. పక్షి నోటికి ఆ కారం తెలియదు. కాయ మింగి గింజను చెక్కుచెదరకుండా ఎక్కడో వదిలేస్తుంది. గింజ నమిలి పాడుచేసే జంతువులకే మంట. తన విత్తనం ఎవరు మోయాలో మిరప ఎంచుకున్న తీరది. కంద దురదకూ లెక్క ఉంది. కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదులుగా గడ్డంతా కట్టలు కట్టి ఉంటుంది, అవే నోట్లో గుచ్చుకుంటాయి. కందకు చింతపండు జోడించిన అమ్మమ్మలు ఈ రసాయనం పేరు వినలేదు కానీ పులుపుతో దాని జోరు తగ్గించవచ్చని కనిపెట్టారు.

ఆకుకూరలో ఇనుము ఉందని తింటాం. తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పక్కన నిమ్మకాయ పిండుకుంటే అందులోని సి విటమిన్ ఇనుమును పట్టించడానికి తోడ్పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే అందులోని టానిన్లు అడ్డుపడతాయి. మామిడికాయల్ని వరిగడ్డిలో మగ్గబెట్టడమూ ఇలాంటి తెలివే. పండబోయే కాయ ఇథిలీన్ వాయువును వదులుతుంది. గడ్డి దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది, దాంతో కాయలన్నీ ఒకేసారి పక్వానికొస్తాయి. పరిమితికి లోబడి ఇథిలీన్ గదుల్లో పండించడాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతిస్తోంది. నిషేధించింది కాల్షియం కార్బైడ్‌ను. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. కాబట్టి గ్యాస్‌తో పండించిన పండంటేనే విషమని భయపడటమూ తప్పే, రంగు బాగుందని కళ్లు మూసుకుని కొనడమూ తప్పే. వాడిన వాయువు ఏదన్నదే అసలు ప్రశ్న.

ఊడలు దిగే వేళ

నేలలోంచి తవ్వి తీస్తారు కాబట్టి వేరుశనగ వేరుకు కాస్తుందనుకునేవారు పట్నాల్లో చాలామందే ఉన్నారు. పువ్వు పూసేది నేలపైనే. పూత అయ్యాక దాని అడుగు నుంచి ఊడ బయలుదేరి మట్టిలోకి దిగుతుంది, ఆ ఊడ చివర కాయ ఊరుతుంది. అనంతపురం, సత్యసాయి జిల్లాల రైతు ఊడలు దిగే వేళకు ఒక్క వాన పడాలని ఆకాశం వైపు చూసేది అందుకే. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. ఇంకో విశేషం ఉంది. ఊరే కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్లలో వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడంలో మర్మం ఇదే. కాయ ఊరే చోట కాల్షియం అందకపోతే తాలుకాయలే మిగులుతాయి. ఏ భాగం అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికితే అది బస్తాల్లో కనిపిస్తుంది.

పంట చివర్లో బెట్ట తగిలితే మరో ముప్పు. ఆస్పర్‌జిల్లస్ బూజు కాయలోకి చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు దారితీసే పదార్థం, వేయించినా పూర్తిగా పోదు. పల్లీల పొడి కొట్టే ముందు ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయడం పిసినారితనం అడ్డొచ్చి మానేయకూడని పని.

అన్నం కంచంలోకి వద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029 రకాన్ని స్వర్ణ అంటారు. గోదావరి డెల్టాలో పుట్టి తూర్పు భారతమంతా పాకింది. దాని బలహీనత వరద. వారం పైన మునిగితే కుళ్లిపోతుంది. ఒడిశా రైతులు పండించే పాత రకాల నుంచి ఎంపికచేసిన ఎఫ్ఆర్ 13ఏ మాత్రం మునిగినా బతికేది. ఎలాగని శాస్త్రజ్ఞులు తరచి చూశారు. మామూలు వరి నీళ్లలో మునిగితే గాలి కోసం పైకి సాగుతుంది. సాగడానికే శక్తంతా ఖర్చయి, నీరు తీసేసరికి నిలవలేక పడిపోతుంది. ఎఫ్ఆర్ 13ఏలో ఉన్న సబ్1 జన్యువు ఎదుగుదలను ఆపి శక్తిని దాచిపెడుతుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని సంకరణం ద్వారా మన స్వర్ణలోకి తెచ్చింది. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1 రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది.

బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబా మసూరి, మన పెళ్లి భోజనాల బియ్యం. దానికి బాక్టీరియా ఎండాకు తెగులంటే తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును నిలువరించే మూడు జన్యువులను అందులోకి చేర్చాయి. వాటిలో ఎక్స్ఏ21 జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. 2008లో విడుదలైన ఈ మెరుగైన సాంబా మసూరికి, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక కూడా తక్కువేనని, 51 దగ్గర ఉందని తర్వాత తేలింది. తెలంగాణ సోనా అనే వరి రకానికీ ఇదే పేరుంది. ఇక్కడే మూడో ప్రశ్న గుర్తుపెట్టుకోవాలి. సూచిక తక్కువని రెట్టింపు అన్నం పెట్టుకుంటే షుగరు రోగికి ఒరిగేదేమీ లేదు.

భీమవరం బిడ్డ, బిళ్ళగన్నేరు

గర్భిణికి ఆశా కార్యకర్త చేతిలో పెట్టే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఒక పొడవైన కథ ఉంది. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి తర్వాత వైద్యురాలైన లూసీ విల్స్ 1920ల చివర్లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకు కారణం వెతికారు. ఈస్ట్ సారం ఇస్తే ఆ తల్లులు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలో పనిచేస్తున్నదేమిటో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర ఆకు నుంచి ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేశారు. టన్నుల ఆకుతో మందు చేయలేరు కదా. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారిని న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల బృందం 1945లో కనిపెట్టింది. ఆ బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

కథ అక్కడితో ఆగలేదు. కణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలకు ఇంకా ఎక్కువ కావాలి. దాన్ని పోలినట్టే ఉండి పనికి అడ్డుపడే పదార్థాన్ని తయారుచేస్తే? సుబ్బారావు బృందం ఎమినోప్టెరిన్ తయారుచేసి బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చింది. 1948లో ఆ మందుతో కొందరు పిల్లల్లో రక్త క్యాన్సర్ తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. అదే 1948లో లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వచ్చింది. మట్టి నమూనాలు వెతికి దాన్ని పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యుడు.

ఇప్పుడు మన గుమ్మాల్లో తెల్లగా, గులాబీరంగులో పూసే బిళ్ళగన్నేరు సంగతి. మధుమేహానికి పనికొస్తుందన్న నమ్మకం చాలా దేశాల్లో ఉండేది. 1950ల్లో కెనడా శాస్త్రజ్ఞులు దాని ఆకు సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గిపోయాయి. అనుకున్నది జరగలేదని వదిలేయకుండా జరిగినదాన్ని పట్టుకుని ముందుకు వెళ్లడంతో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. కొద్దికాలానికే అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఇవాళ పిల్లల రక్త క్యాన్సర్ వార్డులో సుబ్బారావు బృందం వేసిన దారిలో వచ్చిన మందూ, బిళ్ళగన్నేరు మందూ ఒకే చికిత్సలో భాగాలు.

బిళ్ళగన్నేరు మందు టన్నుల కొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల లెక్కన తీసేది. బరువు, వయసు చూసి మిల్లీగ్రాముల్లో ఇస్తారు. ఇవేవీ పట్టకుండా ‘షుగరుకు మంచిది’ అని ఎవరో చెప్పగానే పరగడుపున బిళ్ళగన్నేరు ఆకు నమిలేవారు ఇంకా ఉన్నారు. తెల్లరక్తకణాలను పడగొట్టే పదార్థాలు అందులో ఉన్నాయన్న సంగతి వాళ్లకు చేరలేదు. ఆ మొక్క మందూ నిజమే, విషమూ నిజమే. రెండింటి మధ్య గీత మోతాదు గీస్తుంది. మన వాడుకలో గన్నేరు అన్న మాట నాలుగు మొక్కలకుంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండెను ఆపగల విషాలు. బిళ్ళగన్నేరు సంగతి చూశాం. దేవగన్నేరు గుళ్ల దగ్గర పూలిచ్చే చెట్టు. ‘గన్నేరు మంచిది’ అని వాట్సాప్‌లో వచ్చిన సందేశానికి మొదటి ఎదురు ప్రశ్న ‘ఏ గన్నేరు?’ అనే ఉండాలి.

నాటే ముందు అడిగితే

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను నేలకూల్చింది. పచ్చదనం త్వరగా తిరిగి రావాలని ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. చూడచక్కని చెట్టు, మన దేశపుదే. ఏపుగా ఎదుగుతుంది, పశువులు ముట్టవు. అవి పూతకొచ్చే వయసు వచ్చేసరికి అసలు సమస్య మొదలైంది. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఘాటైన వాసన కాలనీలను కమ్మేసింది. తలనొప్పి, ఆయాసం అంటూ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తప్పు చెట్టుది కాదు. అడవిలో, విశాలమైన ఆవరణలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండాల్సిన దాన్ని కిటికీల పక్కన వరుసకట్టి నాటారు. ఆ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఎలా పూస్తుందో వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది.

కోనోకార్పస్‌దీ దాదాపు ఇదే దారి. రోడ్డు మధ్య విభాగినుల్లో, అపార్ట్‌మెంట్ గోడల వెంట గుబురుగా పెరిగే ఈ విదేశీ చెట్టును ఇరు రాష్ట్రాల్లోనూ ఇష్టంగా నాటారు. వేళ్లు పైపులు పగలగొడతాయని, పుప్పొడితో అలర్జీ వస్తుందని తర్వాత ఆందోళన మొదలైంది. 2023లో గుజరాత్ దాన్ని నాటడాన్ని నిషేధించింది. అలర్జీ ఆరోపణకు ఆధారాలు చాలవనే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. నాటినప్పుడూ ఆలోచించలేదు, నరికేటప్పుడూ ఆలోచించడం లేదన్నది వాళ్ల బాధ. దాంట్లో న్యాయం ఉంది.

ఈ పొరపాట్లకు పాత వారసత్వమే ఉంది. మద్రాసు అటవీ అధికారి బెడోమ్ 1876లో వంటచెరకు కొరత తీర్చేందుకు ప్రోసోపిస్ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశారు. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురంలో నాటిన ఆ చెట్టే ఇప్పుడు చెరువు గట్లను, బీళ్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ. దానికి దగ్గరి బంధువైన మన జమ్మి మాత్రం పొలంలో ఉన్నా పైరును పెరగనిస్తుంది, పశువులకు మేతనిస్తుంది, దసరాకు పూజలందుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. దగ్గరి బంధువులైనా గుణాలు వేరు. కుదురైన అధ్యయనం లేకుండా ఒకదాన్ని చూసి రెండోదాన్ని అంచనా వేయలేం.

2021లో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివరల నుంచి ఎండుతూ వచ్చాయి. ఏదో అరిష్టమన్నారు కొందరు, నరికేద్దామన్నారు మరికొందరు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే టీ దోమ కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. చెట్టు చావలేదు, కొమ్మలే ఎండాయని, ఓపిక పట్టమని చెప్పారు. ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఆ ఓపిక చూపిన ఇళ్లకు ఇవాళ్టికీ నీడ ఉంది.

బాల్కనీ సంగతీ చూద్దాం. ఇంట్లో నాలుగు కుండీలు పెడితే గాలి శుభ్రమవుతుందని అమ్మకందారు చెబుతాడు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ మూసిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం ఆ ప్రచారానికి మూలం. గాలి వచ్చిపోయే మామూలు ఇంట్లో అదే ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. ఇంట్లో మొక్క పెంచడానికి మనసు తేలికపడటమనే కారణం చాలు. కిటికీ తెరిస్తే గాలి మారుతుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

• పూజ పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి. మూడూ విషమే. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, తాకాక చేతులు కడగాలి.

• గురివింద గింజ చూడ ముచ్చటగా ఉంటుంది. నమిలితే అందులోని అబ్రిన్ ప్రాణాంతకం.

• ఆకుపచ్చగా మారిన, మొలకెత్తిన బంగాళాదుంపలో సోలనిన్ పెరుగుతుంది. అలాంటివి వండకపోవడమే మేలు.

• వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. ఉత్త చేతులతో ముట్టుకుంటే చర్మం దద్దురెక్కవచ్చు.

• కుండీలో మొక్క వాడిపోతే నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందదు, అప్పుడూ ఆకు వాడుతుంది.

• ఆకు పసరు, కషాయం ఏది వాడుతున్నా ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. వీలైతే మొక్క కొమ్మనో ఫొటోనో దాచి ఉంచాలి.

సామర్లకోట నుంచి బడి దాకా

తెలుగు నేల మీద ఈ ప్రశ్నలను పద్ధతిగా అడిగి రాసిపెట్టడం పద్దెనిమిదో శతాబ్దంలోనే జరిగింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన స్కాట్లండ్‌వాసి విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. చుట్టుపక్కల అడవులు, పొలాలు తిరిగి మొక్కలు సేకరించాడు. ఊరివాళ్లు వాటిని ఏమంటారో, దేనికి వాడతారో అడిగి తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. స్థానిక చిత్రకారులను కుదిర్చి ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోట బాధ్యతకు వెళ్లాక కూడా ఆ పని సాగింది. 1795 నుంచి 1820 దాకా వెలువడిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మూడు సంపుటాల్లో 300 చిత్రపటాలున్నాయి. కంపెనీకి కావలసింది లాభమిచ్చే పంటలు. నీలిమందు, మిరియాలు, చెరకు మీద అందుకే ఆసక్తి. దాని లెక్క దానిది. అయినా ఊరివాళ్లు చెప్పిన సంగతులు అచ్చులోకెక్కి, తర్వాతివారు సరిచూసుకోవడానికి వీలైన రూపంలో నిలిచాయి. బొమ్మలు గీసినవారిలో చాలామంది పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

సరిచూసుకునే వీలే శాస్త్రానికి ప్రాణం. మొక్కను పూలు, కాయలతో సహా తెచ్చి, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, దొరికిన చోటు, తేదీ, స్థానిక నామం రాసి భద్రపరిచే గదిని హెర్బేరియం అంటారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటివి ఉన్నాయి. శేషాచలం కొండల్లో ఎర్రచందనం తప్ప ఇంకేమీ లేదనుకునేవారు అక్కడి ఎండబెట్టిన నమూనాల్ని ఒక్కసారి చూడాలి. తిరుపతి, కడప కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని సైకస్ బెడోమీ లాంటి మొక్కలు వాటిలో కనిపిస్తాయి. తిప్పతీగ తగాదా లాంటిది వచ్చినప్పుడు తీర్పు చెప్పగలిగేవి ఆ ఎండిన కొమ్మలే.

ఇంత పని ఉన్న శాస్త్రం మన బడుల్లో ఎలా ఉంది? నీట్ పరీక్షలో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. ఆ మార్కుల కోసం ఏటా లక్షలమంది పిల్లలు కిరణజన్య సంయోగక్రియలోని మెట్లన్నీ కంఠతా పడతారు. తమ కాలేజీ గేటు దగ్గరున్న చెట్టు పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఆ చెట్టు పేరు ఎవరూ అడగలేదు, దానికి మార్కూ లేదు. డాక్టరు సీటు వచ్చినవారు ఆ పుస్తకం అటకెక్కిస్తారు. రానివారిలో వృక్షశాస్త్రం డిగ్రీకి వెళ్లేవారిని ‘ఏం, ఇంకేదీ దొరకలేదా’ అని చుట్టాలు పరామర్శిస్తారు. అదే చుట్టాలకు మిద్దెతోటలో వంగమొక్క ఎండుకొట్టినప్పుడు ఫోన్ చేయడానికి మనిషి కావాలి.

దీన్ని సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. ప్రతి బడీ తన ఆవరణలోని మొక్కల జాబితా తానే రాసుకుని, ఏది ఎప్పుడు పూసిందో, ఏ పురుగు వాలిందో ఏడాది పొడవునా పిల్లలతో నమోదు చేయించవచ్చు. నర్సరీ అమ్మే ప్రతి మొక్కకూ పేరు, పదేళ్లకు ఎంత అవుతుంది, ఏ నెలలో పూస్తుంది, విషముందా అన్న నాలుగు ముక్కలు రాసిన చీటీ కట్టవచ్చు. మున్సిపాలిటీ వేల మొక్కలు నాటే ముందు పక్క కాలేజీలోని వృక్షశాస్త్ర అధ్యాపకురాలిని పిలిచి అడగవచ్చు. ఆమె చెప్పే సలహాకయ్యే ఖర్చు చెట్లు నరికించే కూలి కంటే ఎప్పుడూ తక్కువే.

ఇంట్లో మనం చేయగలిగినదీ ఉంది. వినాయక చవితికి పత్రి కట్ట కొనేటప్పుడు ఆ ఇరవై ఒక్క ఆకుల్లో ఏది ఏదో అమ్మే అవ్వనే అడగాలి. ఉత్తరేణి ఎక్కడ కోసిందో, వావిలి దేనికి వాడతారో, మద్ది దొరక్కపోతే ఏం కడుతోందో ఆమె చెబుతుంది. పక్కన పిల్లలుంటే ఒక్కో ఆకునూ పాత పుస్తకంలో నొక్కించి కింద పేరు రాయించాలి. ఆమెకు తెలిసినన్ని ఆకులు ఇవాళ పట్టా పుచ్చుకున్నవారిలోనూ చాలామందికి తెలియవు. ఆమె చెప్పినదాంట్లో కొంత నిజమవుతుంది, కొంత పరీక్షకు నిలవకపోవచ్చు. ఆమె మాటను గౌరవంగా విని రాసుకునేవారు, రాసుకున్నదాన్ని మొహమాటం లేకుండా పరీక్షకు పెట్టేవారు మనకు కావాలి. ఆ రెండు పనులూ నేర్పే చదువే వృక్షశాస్త్రం.